దయచేసి మీ దుఃఖానికి 5కి ఎన్ని మార్కులో వేయండి

విద్యార్థుల క్షేమం కోసం విశ్వవిద్యాలయాలు ఎంతగా తపించిపోతున్నాయో తెలియాలంటే పరీక్షల వారంలో ఒక్కసారి హాల్లోకి తొంగిచూస్తే చాలు. జవాబు పత్రాలు తీసుకున్న చేతులే వెంటనే మరో నాలుగు కాగితాలు పంచిపెడతాయి. వాటి పేరు ‘జీవన నాణ్యత ప్రశ్నావళి’. నింపనివారికి ఆ రోజు హాజరు పడదు. నింపినవారి వివరాలు అత్యంత గోప్యం, కాకపోతే పైన కుడివైపు గడిలో రోల్ నంబరు తప్పనిసరిగా రాయాలి.

ప్రశ్నావళిని నేను తప్పుపట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆ 26 ప్రశ్నలు శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు వైపుల నుంచీ మనిషిని పలకరిస్తాయి. నిద్ర పడుతోందా, చేతిలో డబ్బు సరిపోతోందా, ఉంటున్న చోటు బాగుందా అని మర్యాదగానే అడుగుతాయి. అడిగేది గడిచిన రెండు వారాల సంగతి మాత్రమే. ఏడాదిలోని 52 వారాల్లో సరిగ్గా పరీక్షలు నడిచే ఆ రెండింటినే ఎంచుకోవడంలో మాత్రం మన పెద్దల ప్రతిభ కనిపిస్తుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వీరు ఆ మంట ఎంత వెచ్చగా ఉందో 5కి మార్కులు వేయమంటున్నారు.

రాత్రంతా మేలుకున్న అమ్మాయి ‘జీవితాన్ని మీరు ఎంతగా ఆస్వాదిస్తున్నారు?’ అన్నచోట పెన్ను ఆపి ఆలోచనలో పడితే, “ఆలోచించకండమ్మా, తొందరగా నింపేయండి, తర్వాతి బ్యాచ్ రావాలి” అని ఇన్విజిలేటర్ గారు ఆదరంగా హెచ్చరిస్తారు. వెనక బెంచీ కుర్రాడు తెలివైనవాడు, పై నుంచి కింది దాకా నిలువునా 5 మీదే గీత లాగేశాడు. పాపం, ఆ 26లో మూడు ప్రశ్నలు తిరగేసి లెక్కకట్టాల్సినవని, అంటే వాటిలో 5 వేస్తే బాధ ఎక్కువని అర్థమని అతనికి తెలియదు. అందువల్ల అతని జీవితం బ్రహ్మాండంగా ఉందనీ, అర్థవంతంగా ఉందనీ, దిగులూ నిరాశా మాత్రం ఎల్లవేళలా వెన్నంటి ఉన్నాయనీ నమోదైంది. నిదానంగా ఆలోచిస్తే ఆ హాల్లో నిజం చెప్పినవాడు అతనొక్కడేనేమో.

ఇక సంక్షేమ సంఘం సమావేశమవుతుంది. నిద్ర విషయంలో మార్కులు మరీ తక్కువ వచ్చాయని గుర్తించి, అసైన్‌మెంట్ల గడువులు మార్చడం, గదికి ఇద్దరిని తగ్గించడం వంటి తొందరపాటు చర్యల జోలికి పోకుండా, ‘నిద్ర ప్రాధాన్యం’ మీద ఆదివారం ఉదయం 7 గంటలకు కార్యశాల పెడుతుంది. దానికీ హాజరు ఉంటుంది. వక్త మైకు పట్టుకుని, పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని చెప్పబోతూ చూస్తే హాలంతా గాఢనిద్రలో ఉంటుంది. ఆయన ఒక్కొక్కరినీ లేపించి మరీ ఆ సంగతి చెబుతారు. విద్యార్థులు విషయంలో పూర్తిగా లీనమయ్యారని నివేదికలో రాస్తారు, కళ్లు మూసుకున్న ఫొటోలు జతచేస్తారు.

ఆ నాలుగు కాగితాల్లో చివరిది వేరు. కుంగుబాటును పసిగట్టడానికి వైద్యులు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం అది. చనిపోతే బాగుండునన్న ఆలోచనగానీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనగానీ ఎన్ని రోజులు వచ్చిందని తొమ్మిదోది అడుగుతుంది. ‘దాదాపు ప్రతిరోజూ’ అన్న గడిలో ఎవరో టిక్కు పెట్టారు. ఆ కాగితం మిగతావాటితో కలిసి కట్టగా మారి, తాడు బిగించుకుని, సెలవుల్లో డేటా ఎంట్రీ జరిగేదాకా బీరువాలో పడి ఉంటుంది. ఆ సాయంత్రమే వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చునే మనిషిని పెట్టుకోలేనివాళ్లకు అసలు ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరిచ్చారు? పైన కుడివైపున రోల్ నంబరు ఉంది కదా! హాజరు కోయడానికి అరగంటలో దొరికే మనిషి, బతికించుకోవడానికి ఆరు వారాలైనా ఎందుకు దొరకదు? సిగ్గుండాలి. ఆ టిక్కు చూశాక కూడా సగటు ‘తృప్తికరం’ అని రాసి సంతకం పెట్టడానికి చెయ్యెలా వచ్చింది?

వచ్చే పరీక్షల కోసం కొత్త ప్రశ్నావళి అచ్చుకు వెళ్లిందట. కిందటిసారి కొందరి రాత సరిగా తెలియలేదని, రోల్ నంబరు గడిని ఈసారి కాస్త పెద్దది చేశారు.