'టైం ఒక్కటే తప్పింది' అంటే కుదరదు

గుంటూరు మిర్చి రైతుల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "మార్కెట్ విశ్లేషకుల్ని ఆడిపోసుకోకండి. ధర పెరుగుతుందన్న మాట నిజమే, టైం ఒక్కటే అటూ ఇటూ అయింది. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభాన్ని ముందే పసిగట్టినవాళ్లు వీళ్లు. అయినా పొరపాట్లు మహామహులకే తప్పలేదు" అని.

ముందు టైం సంగతి. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చి ఎంతగా పడిపోయిందంటే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. "ఆగండి, పెరుగుద్ది" అన్న మాట నమ్మి టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతు ఏమవ్వాలి? అద్దె ఆగదు, సరుకు మీద తెచ్చిన అప్పుకి వడ్డీ ఆగదు. నిల్వ ఉన్నకొద్దీ కాయ రంగు తగ్గుద్ది. యార్డుకి కొత్త కాయ దిగిందంటే ఏసీ కాయని, అంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న పాత కాయని, అడిగేవాళ్లు తగ్గిపోతారు. రెండేళ్లకి ధర లేచినా అప్పటికి ఆ రైతు దగ్గర సరుకుండదు, అప్పు మాత్రం ఉంటుంది. అతనికి టైమే అసలు విషయం.

ఇక 2008. ఏటా పతనం వస్తుందనేవాడికి ఏదో ఒక ఏడు కలిసొస్తుంది. మిగతా ఏళ్ల లెక్క ఎవరు తీశారు? ఫిలిప్ టెట్‌లాక్ అనే అమెరికా పరిశోధకుడు తీశాడు. 284 మంది నిపుణుల అంచనాల్ని ఏళ్ల తరబడి రాసిపెట్టుకుని సరిచూస్తే, ఎక్కువ పేరున్నవాళ్ల గురి ఇంకా తక్కువని తేలింది.

మహామహులకీ తప్పలేదన్నది నిజమే. షేర్ల ధరలు శాశ్వతంగా ఎత్తులోనే ఉంటాయని 1929 అక్టోబరులో అమెరికా ఆర్థికవేత్త అర్వింగ్ ఫిషర్ అన్నాడు. ఆ నెలాఖరుకే మార్కెట్ కుప్పకూలింది, తర్వాత అతని సొంత ఆస్తీ పోయింది. కానీ అప్పులూ పడిపోయే ధరలూ కలిసి ఆర్థిక వ్యవస్థని ఎలా ముంచుతాయో 1933లో సిద్ధాంతంగా రాశాడు. మన మిర్చి విశ్లేషకులు మాట తప్పిన పాత వీడియో తీసేసి కొత్తది పెడుతున్నారు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

ధర చెప్పే వీడియో ఈసారి వస్తే నిలదీయండి. కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ ఎంతుంది? చైనా తేజ రకం మిర్చి ఎంత కొంటోంది? కర్ణాటకలో, మధ్యప్రదేశ్‌లో సాగు పెరిగిందా? పోయిన సీజన్లో ఇదే మనిషి ఏ రకానికి, ఏ నెలకి, ఎంత ధర చెప్పాడు?