పట్టూ విడుపూ

(పొందూరులో నూలు వడికే సావిడి అరుగు. ‘విడుపు’ పక్షాన మాట్లాడేది పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. ‘పట్టు’ పక్షాన వడికేవాళ్ల కూలి లెక్కలు చూసే అమ్మాయి. ప్రశ్న ఒక్కటే: మనకు అంటుకున్న పేర్లన్నీ వదిలేస్తే అసలు ‘నేను’ దొరుకుతుందా?)

పట్టు: అన్నీ వదిలెయ్యమంటే ఎలాగండి మాస్టారూ? ‘నేను నూలు వడికే మనిషిని’ అని చెప్పుకోబట్టే కదా కూలి పెంచమని అడగ్గలుగుతోంది. పొందూరు అన్న పేరు చెరిపేస్తే మరమగ్గం గుడ్డ కూడా ఖద్దరు పక్కనే కూర్చుంటుంది.

విడుపు: బట్ట పేరు జోలికి నేను రానమ్మా. ‘నేను’ అనే మాట దేన్ని పట్టుకు వేలాడుతోందో చూడమంటున్నాను. కాగితం తీసుకుని ‘నేను’తో మొదలయ్యే 20 వాక్యాలు రాయి. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే అమెరికా సామాజికవేత్తలు ఈ పరీక్ష వాడారు. ఊరు, వృత్తి, ఫలానావారి కోడలు లాంటివి ముందు వచ్చేస్తాయి. అవి అయిపోయాక కలం ఆగుతుంది. లేవకూడదు, అక్కడే కూర్చోవాలి. ‘నేను దేనికీ పనికిరాను’, ‘నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు’ లాంటివి అప్పుడు బయటికొస్తాయి. మనల్ని ఆడించేవి అవే.

పట్టు: రాశాక చింపెయ్యాలా?

విడుపు: చింపితే కాగితం పోతుంది, పట్టు పోదు. రోజుకో వాక్యం తీసుకుని ఇరవై నిమిషాలు కూర్చో. ఇది ఎప్పుడు మొదలైంది? గాఢనిద్రలో ఇది ఉందా? ఇది పోతుందంటే భయపడేది ఎవరు? రమణ మహర్షి చూపిన దారి ఆ మూడోదే. ఆలోచన రాగానే ‘ఇది ఎవరికి?’ అనాలి. ‘నాకు’ అని వస్తే ‘ఈ నేను ఎవరు?’ అని లోపలికి తిరగాలి. మాటల్లో జవాబు తయారు చేశావో, మళ్లీ మొదటికే.

పట్టు: చాలామంది తయారు చేస్తారు కదేటి! ‘నేను సాక్షిని’ అని కొత్త పేరు తగిలించుకుంటారు. ఇంట్లో గొడవైతే సాక్షి, అప్పు తీర్చాల్సొస్తే సాక్షి. ఇంకో మాట. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద ఉన్న బౌద్ధులూ ఇలాగే విప్పి చూశారు. రూపం, వేదన అంటే అనుభూతి, సంజ్ఞ అంటే గుర్తుపట్టడం, సంస్కారం అంటే మనసు పోకడలు, విజ్ఞానం అంటే ఎరుక అని అయిదు పొరలు చెప్పి, వీటిలో ఏదీ ‘నేను’ కాదన్నారు. మీరేమో లోపల ఒకటి దొరుకుతుందంటున్నారు.

విడుపు: ఆ రెండు దారులకూ ముడిపెట్టడం నావల్ల కాదు. విప్పడం వరకు మాత్రం ఇద్దరిదీ ఒకే ఓపిక. సాక్షి సంగతి నువ్వన్నది నిజం. బాధ తగ్గకుండా మొద్దుబారడం మొదలైతే దారి తప్పినట్టే. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కొత్తలో, నిద్రా తిండీ తప్పిన రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పట్టు: మరి వరసో? ఇక్కడ పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. చెత్త పోతుంది, పోగు గింజను అంటిపెట్టుకునే ఉంటుంది. గింజ తీసేది ఆ తర్వాతే. మీరు దువ్వకుండానే గింజ పీకమంటున్నారు. ఊరు తిట్టి అంటించిన పేరూ, ఆడమనిషి ఏళ్ల తరబడి వడికి సంపాదించుకున్న పేరూ ఒకటేనా? మొదటిది ముందు పోవాలి. రెండోది ఆమె చేతికి ఇప్పుడిప్పుడే అందింది.

విడుపు: (కాసేపు ఆగి) ఆ వరస నేను చెప్పలేదు, చెప్పాల్సింది. తిట్లతో మొదలుపెట్టాలి. సంపాదించుకున్న పేరు చివర్న. దాన్ని కూడా చూడాలి, పారెయ్యక్కర్లేదు. గీతలో తాబేలు అవయవాలు లోపలికి ముడుచుకుంటుందన్నారు, తెంచుకుంటుందని అనలేదు.

పట్టు: శ్రీకూర్మంలో చూస్తాం కదండీ, ముడుచుకున్న కాలు మళ్లీ చాపుతుంది. లేకపోతే మేతెలా? కూలి చీటీ మీద మాత్రం ఆమె పేరు రాయిస్తాను.

విడుపు: రాయించు.

పట్టు: 20వ వాక్యం దగ్గర ఏమీ తోచకపోతే?

విడుపు: ఖాళీగా వదిలెయ్. ‘నేను శూన్యం’ అని మాత్రం రాయకు.