మూడో పేరా దగ్గర ఆగింది

శ్రీహరిపురంలో మా వీధి చివరింట్లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన వాదన ఇది. మావయ్య నేవల్ డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. వీధిలో అందరికీ ఆయన మావయ్యే. మేనకోడలు ద్వారకానగర్‌లో ఆడిటర్. కాలనీ సంఘం తరఫున ఎంపీగారికి ఇవ్వడానికి మావయ్య రూళ్ల కాగితం మీద మూడు పేజీల విన్నపం రాశాడు. విశాఖలో నేవీ ఓడల మరమ్మతు పనికి కేంద్రం పెట్టుబడి పెట్టాలి, చిన్న వర్క్‌షాపులు కూడా వాడుకునేలా ఒక ఉమ్మడి డ్రై డాక్ (ఓడని లోపలికి తెచ్చి నీళ్లు తోడేసి బాగుచేసే చోటు) కట్టాలి అని దాని సారం. టైపు చేసి పెట్టమని ఆ పిల్లని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. నేను సంతకం పెట్టడానికి వెళ్లి, పకోడీలు వచ్చాయని ఉండిపోయాను.

మేనకోడలు: "కేంద్ర ప్రభుత్వము తక్షణమే భారీగా నిధులు మంజూరు చేయవలెను." మావయ్యా, ఇది నేను టైపు చెయ్యను.

మావయ్య: ఏం, తప్పులున్నాయా?

మేనకోడలు: తెలుగు బాగానే ఉంది, లెక్కే లేదు. ఎంత అడుగుతున్నావో చెప్పలేదు. ఇస్తే ఏం చేస్తారో, ఎన్నాళ్లకి చేస్తారో అదీ లేదు.

మావయ్య: లెక్కలు ఢిల్లీలో వాళ్లు వేసుకుంటారే. ఆకలేస్తోందని చెప్పాలి గానీ, ఎన్ని మెతుకులో కూడా మనమే చెప్తామేటి?

మేనకోడలు: చెప్పాలి. ఉక్కు ఫ్యాక్టరీకి 2025 జనవరిలో 11,440 కోట్లు అన్నారు కదా. అందులో 10,300 కోట్లు కొత్త పెట్టుబడి. మిగతా 1,140 కోట్లు పాత అప్పుని షేర్లుగా మార్చడం. పేపర్లో రెండూ కలిపి ఒకే అంకె. మనం "భారీగా" అని రాస్తే వాళ్లకి తోచిన భారీ ఇస్తారు.

మావయ్య: అసలు అడిగే హక్కు ఈ ఊరికి ఉందా లేదా, అది చెప్పు ముందు. మనం రోజూ దిగే సింధియా జంక్షన్‌కి ఆ పేరు ఎక్కడిది? 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరు మీద ఇక్కడ యార్డు పెడితే వచ్చింది, ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డే అది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్లలోకి దింపాడు. అప్పటికి...

మేనకోడలు: మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి.

మావయ్య: సరే, నెయ్యి వొద్దు, ఇవాళ్టి కూడే చెప్తాను. తూర్పు నౌకాదళం ముఖ్య కేంద్రం ఇక్కడుంది. ఓడలు ఇక్కడున్నాయి. షిప్‌యార్డ్‌కి 2023 ఆగస్టులో ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల (నడిసముద్రంలో నేవీ ఓడలకి ఇంధనం, సరుకులు అందించేవి) ఆర్డరు వచ్చింది, సుమారు 19,000 కోట్లు. ఒక్కొక్కటీ 44,000 టన్నులు. యార్డంతా కొత్త ఓడల పనే. పెళ్లి జరుగుతున్న ఇంట్లో రోగిని ఎక్కడ పడుకోబెడతావు? మరమ్మతుకి వేరే చోటు ఉండాలి. ఓడ కట్టడం ఒక్కసారే, సాకడం ముప్ఫై ఏళ్లు. బీచ్‌లో ఉందే కుర్సుర, 1969లో నేవీలో చేరి 2001లో దిగింది. అన్నాళ్లూ దాన్ని తేల్చిందీ ముంచిందీ ఎవరనుకున్నావు?

("ముంచింది" అన్నప్పుడు మావయ్య నావైపు చూసి నవ్వాడు. జలాంతర్గామి కదా.)

మేనకోడలు: నువ్వు కుర్సుర తెస్తే నేను సింధుకీర్తి తెస్తాను, అదీ జలాంతర్గామే. 2006లో షిప్‌యార్డ్‌కి రీఫిట్‌కి, అంటే మొత్తం విప్పి బాగుచెయ్యడానికి వచ్చింది. 2015లో బయటికెళ్లింది. అది వచ్చినప్పుడు నేను ఏడో క్లాసు, వెళ్లేసరికి సీఏ ఇంటర్. తొమ్మిదేళ్లు డాక్ లేకనా? యార్డూ ఉంది, ఓడా ఉంది. జబ్బు ఒకటైతే నువ్వు ఇంకోదానికి మందు అడుగుతున్నావు.

మావయ్య: దెబ్బ సరైన చోటే కొట్టావు. కానీ విను. ఆ రకం జలాంతర్గాముల్ని పెద్ద రీఫిట్‌కి రష్యా పంపడం అలవాటు. ఇక్కడి యార్డుకి అది కొత్త పని. విడిభాగం కావాలంటే అక్కణ్నుంచే రావాలి. మధ్యలో 2010లో యార్డు షిప్పింగ్ శాఖ నుంచి రక్షణ శాఖకి మారింది. మొదటి అట్టు పెనానికే అంటుకుంటుంది. తర్వాత సింధువీర్‌ని ఇక్కడే బాగుచేసి 2020లో మయన్మార్‌కి ఇచ్చారు. మరి ఆ రెండో అట్టు సంగతి ఎవడూ ఎత్తడేం?

మేనకోడలు: ఎత్తుదాం. మూడో అట్టుకి పిండి ఉందా?

మావయ్య: అదీ మాట. నేర్చుకున్న చెయ్యి ఖాళీగా కూర్చోదు. మన సింధియా, మల్కాపురం కుర్రోళ్లు దుబాయ్ డాకుల్లో ఉన్నారు, సింగపూర్‌లో ఉన్నారు. ఇలా రా, ఒకటి చూపిస్తాను.

లేచి వాకిట్లోకి వెళ్లాడు. వాళ్ల ఇనప గేటు మీద చేతిలో ఉన్న పానాతో పైన తట్టాడు, ఖంగుమంది. కింద, కళ్లాపి నీళ్లు తగిలే చోట తట్టాడు, మొద్దుగా పలికింది. పెయింటు రెండు చోట్లా ఒకేలా నున్నగా ఉంది. ఆ చప్పుడు మొద్దుగా పలికినంత మేరా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు.

మావయ్య: ఇప్పుడు మిషన్లు వచ్చాయి, ప్లేటు మందం మిల్లీమీటర్లలో చెప్తాయి. కానీ ఎక్కడ పెట్టి కొలవాలో ఈ చెవి చెప్తుంది. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులో మోకాళ్ల మీద పాకుతూ, చెమట కళ్లలోకి కారుతుంటే వినాలి. పది మందికి నేర్పితే ఇద్దరికి వస్తుంది. ఆ ఇద్దరూ రెండేళ్లు పని లేక ఆటో నడిపితే మళ్లీ మొదటికొస్తుంది.

మేనకోడలు: చూశావా, నా మాటే నువ్వు చెప్తున్నావు. పని ఆగకుండా రావాలి, అసలు సంగతి అది. డాక్ కాదు. ఇంకోటి అడుగుతాను. గేటు పైన పెయింటు చూసి టెండరు పిలిస్తే ఎంత రాస్తావు?

మావయ్య: పెయింటు ఖర్చు.

మేనకోడలు: గోకాక?

మావయ్య: కిందిభాగం కోసి కొత్త ప్లేటు వెయ్యాలి. ఓడ రీఫిట్ అంతా ఇదేనమ్మా. విప్పితే గానీ తెలీదు. విప్పాక పని పెరుగుతుంది.

మేనకోడలు: పని పెరిగితే కాగితం పెరగదు. ఆటోనగర్‌లో నా క్లయింట్ ఒకాయన ఉన్నాడు, చిన్న వర్క్‌షాపు, పన్నెండు మంది. ఎవరి పనో, ఏ ఆఫీసో చెప్పను. పంపు ఓవర్‌హాల్‌కి ఎల్-వన్ అయ్యాడు, అందరికంటే తక్కువ కోట్ చేశాడు. విప్పితే షాఫ్టు పోయింది. ఓడ వెళ్లాలి కదా అని నోటిమాట మీద షాఫ్టు మార్చాడు. ఆ పెరిగిన పనికి సవరణ ఆర్డరు రావడానికి ఐదు నెలలు, డబ్బు రావడానికి ఇంకో మూడు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకి 45 రోజులు దాటకుండా ఇవ్వాలి. దాటితే బ్యాంక్ రేటుకి మూడింతలు చక్రవడ్డీ. "కేసు వేద్దామా?" అన్నాను. ఏమన్నాడో తెలుసా?

మావయ్య: పాలిచ్చే గేదె తన్నినా పడాలన్నాడు.

మేనకోడలు: అక్షరాలా అదే. ఇప్పుడు నువ్వు వందల కోట్లతో డాక్ కట్టించు. పక్కన ఆ పన్నెండు మంది షాపు మూతపడితే డాక్‌లో పని ఎవరు చేస్తారు? అందుకే కాంక్రీటు కంటే ముందు క్యాలెండర్ అడగమంటున్నాను. వచ్చే ఐదేళ్లలో ఏ ఓడ ఎప్పుడు రీఫిట్‌కి వస్తుందో చెప్తే బ్యాంకు అప్పిస్తుంది, షాపు మిషన్ కొంటుంది, కుర్రాడు దుబాయ్ వెళ్లడు.

మావయ్య: బాగుంది! నేవీ ఓడ ఏ నెలలో ఒడ్డున ఉంటుందో ఆటోనగర్‌లో బోర్డు కట్టేద్దాం. ఒక కాపీ కరాచీకి కూడా పంపుదామా?

(ఇక్కడ మాత్రం మావయ్యకే మార్కులు వేశాను. పకోడీ పళ్లెం కూడా ఆయన వైపు జరిగింది.)

మేనకోడలు: ఓడ పేరు ఎవరికి కావాలి? వచ్చే ఏడాది ఇన్ని వేల గంటల వెల్డింగ్, ఇన్ని వాల్వులు, తుప్పు రాల్చే బ్లాస్టింగ్ ఇంత అని చెప్తే చాలు.

మావయ్య: ఆ... అది చెప్పొచ్చు. కానీ క్యాలెండర్ ఇచ్చినా ఓడ ఎక్కి కూర్చోడానికి డాక్‌లో దిమ్మలు కావాలి కదా. కొచ్చిన్ షిప్‌యార్డ్ చూడు. 970 కోట్ల మరమ్మతు కేంద్రం, 310 మీటర్ల డాక్, రెండూ 2024 జనవరిలో మొదలయ్యాయి. 2022లో అమెరికా నేవీ ఓడ చార్లెస్ డ్రూ మన దేశంలో మొదటిసారి మరమ్మతుకి వచ్చింది. ఎక్కడికి? చెన్నై దగ్గర కాట్టుపల్లికి. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ అని మనకంటే చాలా చిన్న ఊరు. అక్కడ యార్డులన్నీ కలిసి వాడుకునే చోటు కోసం కేంద్రం సగం, రాష్ట్రం సగం, మొత్తం 36 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తామన్నాయి. నేనడిగే ఉమ్మడి డాక్ అదే. నా బుర్రలో పుట్టింది కాదు.

మేనకోడలు: కాట్టుపల్లి ఎల్ అండ్ టీ అనే ప్రైవేటు కంపెనీ యార్డు. కొచ్చిన్ షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ, ఏటా లెక్క చెప్పుకుంటుంది. కెయిర్న్స్‌లో ఎంతో ముందే చెప్పారు, నువ్వే ఇప్పుడు అంకె చెప్పావు. నీ కాగితంలోనే అంకె లేదు. ఇంకో సంగతి. ఎక్కడ కడతావు? ఇన్నర్ హార్బర్‌కి దారి డాల్ఫిన్స్ నోస్ పక్కన ఆ ఇరుకు కాలువే. ఒడ్డున ఖాళీ లేదు. బ్లాస్టింగ్ దుమ్ము మల్కాపురం మీద పడుతుంది. ఇప్పటికే అత్త ఆరేసిన బట్టలు రెండుసార్లు దులుపుతుంది.

మావయ్య: అందుకేగా డబ్బు! మూసిన షెడ్డులో బ్లాస్టింగ్, నీళ్లు వదిలే ముందు శుద్ధి, ఇవన్నీ ఊరికే వస్తాయా? చవకగా కడితే దుమ్ము మనకి. ఖరీదుగా కట్టమని అడగాలి.

మేనకోడలు: ఇది నాకు నచ్చింది. ఇది టైపు చేస్తాను.

కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ పిల్ల చెయ్యి మళ్లీ ఆగింది.

మేనకోడలు: మావయ్యా, 2020 ఆగస్టు 1 సంగతి రాయాలా వొద్దా?

మావయ్య: క్రేనా?

మేనకోడలు: షిప్‌యార్డ్‌లో ఇంకా పనిలోకి దిగని క్రేన్. పరీక్ష చేస్తుండగా కూలింది. పదకొండు మంది పోయారు. సామాను కొన్నంత మాత్రాన సరిపోదని చెప్పడానికి అంతకంటే...

మావయ్య: ఉదాహరణగా రాయకు. శిక్షణకీ, సేఫ్టీకీ విడిగా నిధి కావాలని రాయి. దాని కింద తేదీ ఒక్కటే పెట్టు. చదివేవాళ్లలో తెలిసినోళ్లకి తెలుస్తుంది.

ఇద్దరూ కొంచెంసేపు ఏమీ అనలేదు. అత్తయ్య వచ్చి లైటు వేసింది.

మేనకోడలు: ఇప్పుడు వరస. మొదట క్యాలెండర్, 45 రోజుల్లో చెల్లింపు. తర్వాత డాక్.

మావయ్య: మొదట డాక్. కాదంటే రెండూ ఒకే వాక్యంలో "మరియు" పెట్టు.

మేనకోడలు: "మరియు" పెడితే ఒకటే ఇస్తారు.

మావయ్య: ఏది?

మేనకోడలు: శంకుస్థాపన చెయ్యడానికి వీలైంది.

మావయ్య పకపకా నవ్వాడు. గేటు మీద సుద్ద గీత వైపు ఒకసారి చూశాడు.

మావయ్య: సరే, క్యాలెండరే ముందు పెట్టు. కానీ డాక్ వాక్యం తీసెయ్యకూడదు.

మేనకోడలు: తియ్యను. ఏడాదికి ఎన్ని రోజులు డాక్ ఖాళీ లేక ఓడలు ఆగుతున్నాయో ఒక అంకె ఇవ్వు, దాని పక్కన పెడతాను.

మావయ్య: ఆ అంకె నేను చెప్తే చెల్లదు. డాకింగ్ సెక్షన్‌లో నాతో చేసినోడు గాజువాకలో ఉన్నాడు, బయటికి చెప్పొచ్చంటే చెప్తాడు. ఫోను చేస్తానుండు. నువ్వు అక్కడ ఖాళీ వదిలీ.

మేనకోడలు: రెండు అంకెలకి వదలనా, మూడిటికా?