మండి ప్లేటు గారికి, టోకెన్ నంబరు 58 రాయునది

మహారాజశ్రీ మండి ప్లేటు గారికి,

వనస్థలిపురం వాస్తవ్యుడు, ప్రస్తుతం టోకెన్ నంబరు 58, నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. లోపల పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసంతో మీరూ క్షేమమేనని వాసనను బట్టి తెలుస్తోంది. ఇప్పుడే 43 పిలిచారు. అంటే ఉత్తరం తీరిగ్గానే రాసుకోవచ్చు.

హైవే పక్కన, మీ హోటల్ ముందు బైకుల మధ్య వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. దానికి ఒక కాలు పొట్టి. వచ్చే వారం నుంచి కార్తీకం కదా, నెల్లాళ్లు నీసు ముట్టని ఇళ్లన్నీ కరువు తీర్చుకోవడానికి ఈ రాత్రే మీ మీద పడ్డాయి. పక్క కుర్చీలో పెద్దాయన రెండుసార్లు లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లొచ్చాడు. ఆయనది 71.

మాకు వీకెండ్ అంటే ఒక్క రోజే. శనివారం నాకు ఆఫీసు, మా అమ్మకు వెంకన్న వారం. ఆదివారం పొద్దున చికెన్ షాపు దగ్గర లైను, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అయిదింటికి మా ఆవిడ "ఎటైనా పోదాం" అంటుంది. ఆ ఎటైనా ఎటో పదిహేనేళ్లుగా వెతుకుతున్నాం. డీమార్ట్ ఉంది. పప్పులు కొనడానికి వెళ్లి ట్రాలీలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగితే అదీ ఔటింగే, కాదనను. హైటెక్ సిటీ వైపు పోదామంటే, 2018లో ఎల్బీనగర్ దాకా వచ్చిన మెట్రో మా దాకా రాకుండానే వెనక్కి తిరుగుతోంది. పోయి రావడానికే ఆదివారం అయిపోతుంది.

మా కాలనీకి పేరిచ్చిన హరిణ వనస్థలి ఉంది కదా అంటారేమో. నిజమే, ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా ఆయన పేరు పెట్టారు. అందులో కృష్ణ జింకల కథ మీకు చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రానికి అవే రాష్ట్ర జంతువు. 2014లో విడిపోయాక తెలంగాణ మచ్చల జింకను ఎంచుకుంది, కృష్ణ జింక హోదా ఆంధ్రకు పోయింది. జింకలు మాత్రం హైవే పక్కనే ఉండిపోయాయి. విభజనప్పుడు ఏ రాష్ట్రమో ఆప్షన్లు ఇవ్వని ఉద్యోగుల్లాగ. మా వాడు చిన్నప్పుడు ఒకసారి చూశాడు. మళ్లీ పోదామంటే "అక్కడ తినడానికి ఏముంది నాన్నా?" అన్నాడు. అప్పుడే మీ పేరు మా ఇంట్లో మొదటిసారి వినపడింది.

మీదీ పెద్ద వంశమే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సైనికులుగా వచ్చిన అరబ్బులు ఉన్న బ్యారక్సులే జనం నోట్లో నలిగి బార్కస్ అయ్యాయి. మిమ్మల్ని ఈ ఊరికి ఎరిగించింది వాళ్లే. బార్కస్ నుంచి మా ఇంటికి సాగర్ రింగ్ రోడ్డు మీద ఓ గంట. మీకు కొన్ని తరాలు పట్టింది. ఆలస్యంగా వచ్చినా ఊరుకోలేదు, టైర్ల షాపు మేడ మీద ఒకరు, ఫంక్షన్ హాలు పక్కన ఒకరు, మూతపడ్డ కోచింగ్ సెంటర్‌లో ఒకరు వెలిశారు. అసలు పద్ధతిలో నేలలో గొయ్యి తీసి, పైన వేలాడే మాంసంలోంచి కొవ్వు కింద అన్నంలోకి బొట్లు బొట్లుగా పడేలా వండుతారట కదా. మీ గొయ్యి ఎక్కడుందని ఇక్కడి కుర్రాణ్ణి అడిగితే రోడ్డు వైపు చూపించాడు. అబద్ధం చెప్పలేదు పాపం.

49 పిలిచారు.

మీరు హోటల్‌ను జైలులా పెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఇనుప ఊచల గదులు, ఖైదీ బట్టల్లో వెయిటర్లు, ఫొటోలకు బేడీలు. మా తాత జన్మలో పోలీస్ స్టేషన్ మెట్టెక్కలేదని గొప్పగా చెప్పుకునే ఇంట్లో, నేను పెళ్లాం పిల్లలతో సెల్లు ఖాళీ అవుతుందా అని గంటసేపు కాచుకున్నాను. బిల్లు కడితేనే బెయిలు.

ఇక కింద కూర్చోవడం. మా ఇంట్లో ఈఎంఐ మీద డైనింగ్ టేబుల్ కొన్నాం. వచ్చినవాళ్లను ఇంకా నేల మీదే కూర్చోబెడుతున్నారని చుట్టాలు నవ్వుతారని. ఇప్పుడు ఆ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలుంటాయి, మేము 1,600 ఇచ్చి మీ చుట్టూ నేల మీద బాసింపట్టు వేసుకుంటాం. లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి.

మొదటిసారి మిమ్మల్ని చూసి మా అమ్మ అన్నమాట ఇంకా చెవిలో ఉంది. "గిదేంది బిడ్డా, అందరం ఒక్క పళ్లెంల చెయ్యి పెట్టుడా? ఎంగిలి గాదా?" మాది నల్లగొండ వైపు పల్లె. ఎంగిలి చేత్తో పచ్చడి జాడీ మూత తాకితే ఆ రోజు ఇంట్లో కోర్టే. రెండోసారి అమ్మ చేతి సంచిలోంచి స్టీలు పళ్లెం తీసింది. బయటి ఆహారం తేరాదని బోర్డుంది గానీ బయటి పళ్లెం గురించి ఏమీ రాసి లేదు. అలా మా అమ్మ మొదట్లోనే ప్రత్యేక రాష్ట్రం తెచ్చుకుంది.

మిగతా వాళ్లం మీలోనే సరిహద్దులు గీసుకున్నాం. కలిసి తింటే ప్రేమ పెరుగుతుందని మీ గోడ మీద రాసుంది. ఎవరి మేర వాళ్లు వేలితో గీత గీసుకుని, జీడిపప్పులు లెక్కపెట్టుకుని తినే ప్రేమ అది. నడిమధ్య మటన్ ముక్క మాకు ఉమ్మడి రాజధాని. అసలు రాజధానికి పదేళ్లు గడువిచ్చారు, మా ముక్కకు పది నిమిషాలు కూడా లేదు. మా బామ్మర్ది మాట్లాడుతూ మాట్లాడుతూ గీత దాటేస్తాడు. అడిగితే "బావా, అన్నం జారింది" అంటాడు. అన్నం ఎప్పుడూ అటే జారుతుంది.

మయోనీస్ సంగతి ఎత్తకపోతే మా వాడు ఊరుకోడు. 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్లతో చేసే మయోనీస్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధిస్తే, వాడు ఆ వార్త చదవడానికి జీవితంలో మొదటిసారి పేపరు పట్టాడు. తరవాత వచ్చిన గుడ్డు లేనిదాన్ని నాకి చూసి, సంతాపసభలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

ఫిర్యాదు చేద్దామనే మొదలుపెట్టాను. మెతుకులు పలుకులుగా ఉంటున్నాయని, ఎక్స్‌ట్రా రైస్ అడిగితే కుర్రాడు చెవిటివాడవుతున్నాడని, ఏసీ కింద కూర్చుంటే మీరు ఇట్టే చల్లారిపోతున్నారని... ఇంకా ఉన్నాయి గానీ 57 పిలిచేశారు. అమ్మ అప్పుడే లేచి తలుపు దగ్గరికి పోయింది, మోకాళ్ల నొప్పులన్న మనిషి. చేతి సంచి మా ఆవిడ దగ్గరే ఉంది. విప్పి చూస్తే అందులో స్టీలు పళ్లెం లేదు.

అమ్మ తలుపు దగ్గరి నుంచే కేకేస్తోంది.

"బిడ్డా, మూలుగ బొక్క నా దిక్కు పెట్టుమను!"

ఇట్లు,
టోకెన్ నంబరు 58