మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ గంటసేపు మరగాలా? ఆ వాయిస్ మెసేజ్‌కు నా జవాబు

అనంతపురం నుంచి అమెరికా, ఆస్ట్రేలియా పోయి స్థిరపడిన మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంట్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తియ్యటి పాకంతోనో పొడితోనో, బీరు చేసుకునేవాళ్లకు సలహా అది. గొంతు మన సీమదే, ధీమా కూడా మనదే. మెసేజ్ సారం ఇదీ: "మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం మొదట్లోనే పోసి గంటసేపు కుతకుతా మరగబెట్టాల. ఆఖర్న ఏస్తే పచ్చివాసన కొడతాది, పురుగు చేరతాది, కిక్కు తగ్గుతాది, చేదు పట్టదు. రంగు దిగితేనే బీరుకు పట్టు. రాగి మాల్ట్ ఉడక్కుండా తాగుతామా? ఇదీ అంతే." విన్నవాళ్లు విన్నట్టే దండం బొమ్మ పెట్టి ఇంకో గ్రూపుకు తోసేస్తున్నారు.

డాలస్‌లో ఉండే మా అన్న కొడుకు దాన్ని నాకు పంపి, "చిన్నాయనా, ఇది నిజమేనా?" అని అడిగాడు. నేను ఆస్టిన్‌లో ఉన్నన్నాళ్లు గ్యారేజీలో బీరు చేసినవాణ్ణి. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అంతకన్నా ముందు చట్టం సంగతి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఒక్క బకెట్టే కదా సార్ అంటే వినరు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. కాబట్టి ఇది అక్కడుండేవాళ్ల కోసం రాసింది. ఇక్కడివాళ్లు ఊరికే చదువుకోండి.

ఆ మెసేజ్‌లో జనానికి బాగా ఎక్కింది రాగి మాల్ట్ పోలిక. తప్పు మొదలైందీ అక్కడే. మన ఇళ్లల్లో రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి మరకు పట్టిస్తాం. ఆ పిండిలో స్టార్చ్ చాలావరకు స్టార్చ్‌గానే ఉంటుంది. పొయ్యి మీద ఉడికి చిక్కబడితే తప్ప అది జావ కాదు. సరిగా ఉడకకపోతే నాలుకకు పిండిపిండిగా తగులుతుంది, నిజమే.

ఎక్స్‌ట్రాక్ట్ అట్లా పిండి కాదు. ఫ్యాక్టరీలో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి, 65 డిగ్రీలకు అటూ ఇటూ వేడి నీళ్లలో నానబెడతారు. మొలకలో పుట్టిన ఎంజైములు అక్కడే స్టార్చ్‌ను చక్కెరలుగా విరగ్గొడతాయి. వాటిలో ఎక్కువ భాగం మాల్టోజ్. తర్వాత పొట్టు వడకట్టి, ఆ తియ్యటి నీళ్లను వేడి చేసి, గాలి ఒత్తిడి తగ్గించిన పాత్రల్లో నీరంతా లాగేస్తారు. మిగిలిన బంకలాంటి పాకమే లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్. అందులో నీరు ఐదో వంతు ఉంటుంది. దాన్ని ఇంకా ఆరబెడితే పొడి ఎక్స్‌ట్రాక్ట్. డబ్బా మీ వంటింట్లోకి వచ్చేసరికే ఉడకాల్సిందంతా ఉడికిపోయింది. పచ్చివాసన కొట్టడానికి అందులో పచ్చిదేమీ మిగల్లేదు.

మరి గంటసేపు మరిగించేది ఎందుకంటే, బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే పువ్వుల కోసం. హాప్ పువ్వుల్లో ఉండే ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. మరిగే వేడిలో వాటి నిర్మాణం మారితేనే కరిగి చేదు ఇస్తాయి. ఆ మార్పు మెల్లగా జరుగుతుంది. పొయ్యి మీద గడియారం నడిచేది హాప్స్ లెక్కన. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మెసేజ్‌లో మిగతా సగం వాటంతటవే రాలిపోతాయి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ సలహా గాల్లోంచి పుట్టింది కాదు. ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా నేరుగా బార్లీ మాల్ట్‌తోనే బీరు చేసేవాళ్లు వోర్ట్ (పులియబెట్టకముందు ఉండే తియ్యటి మాల్ట్ నీళ్లు) మొత్తాన్ని గంట, గంటన్నర మరిగిస్తారు. లేత మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడికి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది. అది ఆవిరిలో పోకపోతే బీరు ఉడికిన క్యాబేజీ వాసన కొడుతుంది. పిల్స్‌నర్ అనే లేత మాల్ట్‌కు 90 నిమిషాలు మరిగించమనేది అందుకే. ఎక్స్‌ట్రాక్ట్ విషయంలో ఆ పని ఫ్యాక్టరీలోనే దాదాపు అయిపోయింది. గింజలవాళ్ల నియమాన్ని ఎవరో డబ్బా వాళ్లకు అంటగట్టారు, అంతే.

పురుగు సంగతి రెండు మాటల్లో తేల్చేయొచ్చు. అంత చిక్కటి చక్కెరలో సూక్ష్మజీవులు పెరగలేవు. డబ్బా తెరిచి వదిలేసి తడి తగలనిస్తే పైన బూజు కట్టొచ్చు గానీ, మరుగుతున్న కుండలో చివరి 10 నిమిషాలు ఉంటే బీరును చెడగొట్టేవి చచ్చిపోతాయి. గంటసేపు మరిగించి, ఆ తర్వాత సరిగా కడగని పైపుతో ఫెర్మెంటర్‌లోకి, అంటే పులియబెట్టే పాత్రలోకి, వదిలితే మాత్రం ఏ మరుగూ కాపాడదు. బీరు పులిసిపోయిందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది పైపు గురించీ, కుళాయి గురించీ.

కిక్కు తగ్గుతుందన్నది లెక్క తెలియక అన్న మాట. 20 లీటర్ల బీరుకు 2.7 కిలోల పొడి ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే గ్రావిటీ (ద్రవంలో చక్కెర ఎంతుందో చెప్పే అంకె, కిక్కు దాన్నిబట్టే) సుమారు 1.050 వస్తుంది. మొదటి నిమిషంలో వేసినా యాభయ్యో నిమిషంలో వేసినా అదే. బీరును పులియబెట్టే ఈస్ట్ తినేది చక్కెరను. అది ఎంతసేపు మరిగిందో దానికి అక్కర్లేదు. పైగా ఎక్కువసేపు మరిగితే చక్కెరలో అతి కొద్ది భాగం ఈస్ట్ తినలేని రూపంలోకి పోతుంది. మరి చివర్లో వేసినవాళ్లకు గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ తక్కువ ఎందుకు చూపించింది? పాకం నీటికన్నా బరువు, లీటరు దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. సరిగా కలపకపోతే అడుగున కూర్చుంటుంది. పైన తేలిన పలుచని నీళ్లు గొట్టంలో పోసి కొలిచి, అయ్యో కిక్కు పోయిందే అంటే ఎట్లా? గరిటె పెట్టి అడుగు నుంచి కలిపి మళ్లీ కొలవండి.

రంగు దిగితేనే పట్టు అన్నదాని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నిజమైన నష్టం జరిగేది ఇక్కడే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వేడి మీద ముదురు రంగుకు తిరుగుతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మాయ్యార్ వివరించిన చర్య ఇదే. ద్రవం ఎంత చిక్కగా ఉంటే, ఎంతసేపు మరిగితే, రంగు అంత ముదురుతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల దగ్గర 20 లీటర్లు పట్టే కుండ ఉండదు. 10 లీటర్లలో మరిగించి, తర్వాత చల్లటి నీళ్లు కలిపి 20 చేస్తారు. అంటే 2.7 కిలోలూ ఆ 10 లీటర్లలోనే గంటసేపు మరుగుతాయి, గ్రావిటీ 1.100 దగ్గర. లేత బంగారు రంగు బీరు చేద్దామని మొదలుపెట్టినవాడి గ్లాసులో చివరికి ఇటుక రంగు కనిపిస్తుంది. రుచిలో కూడా కాస్త మాగిన తీపి తెలుస్తుంది. రంగుకూ బలానికీ సంబంధం లేదు. నల్లగా ఉండే గిన్నిస్ డ్రాట్ 4.2 శాతం చుట్టూ ఉంటుంది, బంగారు రంగు బెల్జియం బీర్లు కొన్ని 8 దాటుతాయి.

మావాడు పంపిన ఫోటో చూడాల్సింది. స్టీలు కుండ అడుగున అరచేతంత నల్లటి పెచ్చు, అంచుల్లో నురగ ఎండి గోధుమ రంగు చారలు. మెసేజ్‌లో చెప్పినట్టే, మంట పెద్దగా ఉండగానే డబ్బాలోని పాకమంతా ఒక్కసారిగా వంచేశాడంట. పాకం తిన్నగా అడుక్కు దిగి, బర్నర్ పైనున్న రేకుకు అతుక్కుని మాడింది. ఆ మాడు వాసన ఫెర్మెంటర్ దాకా పోతుంది, తర్వాత ఏం చేసినా పోదు. ఎప్పుడు వేసినా సరే, వేసే ముందు మంట ఆపేయాలి. పూర్తిగా కరిగిందని గరిటెకు తెలిశాకే మళ్లీ వెలిగించాలి.

ఇక చేదు. "ఆఖర్న ఏస్తే చేదు పట్టదు" అన్నది పూర్తిగా తలకిందులు. హాప్స్ లెక్కలకు చాలామంది వాడే గ్లెన్ టిన్సెత్ సూత్రం తీసుకోండి. గ్రావిటీ 1.100 ఉన్న ద్రవంలో గంట మరిగితే హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాల్లో సుమారు 15 శాతమే చేదుగా మారుతుంది. అదే మొదట్లో 700 గ్రాముల పొడి మాత్రమే వేసి, మిగతా 2 కిలోలు చివరి 15 నిమిషాలకు దాచుకుంటే 27 శాతం దాకా వస్తుంది. ఇవి సూత్రం ఇచ్చే అంకెలు, ల్యాబ్‌లో కొలిచినవి కావు. అసలు తేడా ఇంత ఉండదని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలో పస ఉంది. ఏమైనా చేదు తగ్గడం మాత్రం జరగదు. అందుకే పాత రెసిపీలో ఉన్నంత హాప్స్ వేసేసి ఎక్స్‌ట్రాక్ట్‌ను ఒక్కటే వెనక్కి జరిపితే, ఇంగ్లిష్ పేల్ ఏల్ అనే మామూలు చేదు బీరు కాస్తా కాకరకాయ కావొచ్చు. మొదటిసారి చేదు హాప్స్ ఐదో వంతు తగ్గించి చూడండి, తాగాక మీ నాలుకే చెబుతుంది.

అట్లయితే మొదట్లో ఆ 700 గ్రాములు మాత్రం ఎందుకు, ఉత్త నీళ్లలోనే హాప్స్ మరిగిస్తే పోదా అంటారు. పోదు. వోర్ట్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 5.5 మధ్య ఉంటుంది, కుళాయి నీళ్లు 7 పైన. ఆ నీళ్లలో దిగే చేదు గరుగ్గా, వగరుగా ఉంటుంది. నాలుగో వంతు ఎక్స్‌ట్రాక్ట్ ముందు వేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది.

చివర్లో వేయడంలో ఉన్న పెద్ద చిక్కు పొంగడం. మరుగుతున్న ద్రవంలో పొడి పడగానే నురగ బుస్సుమని లేస్తుంది. అపార్ట్‌మెంట్ స్టవ్ మీద అది ఎండితే గీకలేక చావాలి. పైగా ఆవిరి తగిలి ప్యాకెట్ మూతి దగ్గర పొడి గట్టిగా బిగుసుకుపోతుంది. సగం లోపలే ఉండిపోయి, సగం ఉండలు కట్టి పైన తేలుతుంది. పొడిని ముందే గిన్నెలో కాసిన్ని చల్లటి నీళ్లతో కలిపి, మంట ఆపి, సన్నగా పోయండి. పాకమైతే డబ్బాను వేడి నీళ్లలో కాసేపు నిలబెడితే తేలిగ్గా జారుతుంది. ఆ తర్వాత మళ్లీ మరుగు వచ్చిన దగ్గర్నుంచి 10, 15 నిమిషాలు లెక్కపెట్టుకోండి.

స్టౌట్ లాంటి నల్ల బీరైతే మొత్తం మొదట్లో వేసినా కొంపలేం మునగవు, రంగు ఎట్లాగూ నలుపే. డబ్బా పాతదైతే మాత్రం ఎంత ఆలస్యంగా వేసినా లాభం లేదు. పాకం డబ్బాలోనే ఏళ్ల తరబడి ముదురుతుంది, తేదీ చూసి కొనండి.

మెసేజ్‌లో అసలు మాటే ఎత్తనిది ఇంకోటుంది. మెల్‌బోర్న్, సిడ్నీ పిల్లలు ఎక్కువగా కొనేది ఆస్ట్రేలియా కూపర్స్ కంపెనీ అమ్మే తరహా డబ్బాలు, హాప్స్ చేదు ముందే కలిపినవి. వాటిని గంట కాదు కదా, అసలు మరిగించే పనే లేదు. మరిగిస్తే అందులో ఉన్న కాస్త హాప్ వాసన కూడా ఆవిరైపోతుంది. వేడి నీళ్లలో కరిగించి, చల్లటి నీళ్లు కలిపి, వేడి 20 డిగ్రీల చుట్టుపక్కలకు దిగాక ఈస్ట్ చల్లి మూత పెట్టేయడమే.