తక్కువ కూలి నిర్ణయించేది ఎవరు?

"బీహారు, ఒడిశా, జార్ఖండ్ కూలీలు హైదరాబాద్‌కు వచ్చి, తక్కువ కూలికి ఒప్పుకుని మనవాళ్ల పొట్ట కొడుతున్నారు, మన పథకాలన్నీ వాళ్లే అనుభవిస్తున్నారు, సైట్లలో ప్రమాదాలు వాళ్ల అజాగ్రత్త వల్లనే జరుగుతున్నాయి, తెలుగు సైతం నేర్చుకోరు" అన్న సందేశాన్ని ఆలోచనాపరులని నేను నమ్మే మిత్రులు కూడా పదే పదే పంపుతున్నారు.

భాష గురించిన ఆరోపణకు జవాబు అక్కర్లేదు. పొద్దంతా సెంట్రింగ్ పని చేసి, రాత్రి ఆ సైటులోనే రేకుల షెడ్డులో పడుకునే మనిషితో తెలుగులో మాట్లాడేదెవరు? పథకాల మాట కూడా అంతే. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 నాటి చట్టం కింద నిర్మాణ వ్యయంపై 1 శాతం సెస్సు వసూలు చేశారు. ఆ నిధి నుంచి సాయం అందాలంటే, అంతకుముందు 12 నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసినట్టు చూపి పేరు నమోదు చేయించుకోవాలి. సైటుతో పాటు గుత్తేదారు కూడా మారిపోయే కూలీకి ఆ ధ్రువపత్రం దొరకడమే కష్టం.

అన్నింటికన్నా హాని చేసేది "తక్కువ కూలికి ఒప్పుకుంటున్నారు" అన్న మాట. ఊళ్లో అప్పు తీర్చుకోవడానికి ముందుగానే అడ్వాన్సు తీసుకుని, మేస్త్రీ చూపిన రైలెక్కి వచ్చినవాడు ఇక్కడ కూలి బేరమాడే స్థితిలో ఉంటాడా? స్థానికులతో సమానమైన పని చేస్తే సమానమైన కూలి ఇవ్వాలని 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. దాన్ని తుంగలో తొక్కినవాడిని వదిలేసి, మోసపోయినవాడిని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం? పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసినవాళ్లను కూడా అక్కడివారు ఇలాగే నిందించి ఉంటే మనం ఒప్పుకునేవాళ్లమా? 2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కార్మికులు బకాయి జీతాలు ఇమ్మని, ఇళ్లకు పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు బయలుదేరింది. తక్కువ కూలితో తృప్తిపడేవాళ్లయితే, లాక్‌డౌన్‌లో పోలీసులకు ఎదురునిలిచి మరీ జీతాలు అడుగుతారా?

ప్రమాదాలు వాళ్ల అజాగ్రత్త వల్లనట! 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అంతా ఇతర రాష్ట్రాలవాళ్లే, వారిలో నలుగురు జార్ఖండ్ వాళ్లు. కొండలోంచి నీరూ బురదా ఉరుకుతుంటే కార్మికుడు ఏ జాగ్రత్త తీసుకోవాలో ఈ సందేశం రాసిన పెద్దమనిషి చెప్పాలి.

అయితే ఆ సందేశంలో ఒక్క మాట నిజం. తెల్లవారుజామునే లేబర్ అడ్డాలో నిలబడే మన తాపీ మేస్త్రీలకు, కూలీలకు పని దొరకని రోజులు ఉంటున్నాయి. సైటులోనే ఉంచుకుని, ఎక్కువ గంటలు పని చేయించుకుని, జీతం ఆపినా వెళ్లిపోలేని మనుషులు గుత్తేదారుకు దొరికినంత కాలం అతను అడ్డా వైపు రాడు. కాబట్టి అడ్డా కూలీకి పని దొరకాలని నిజంగా కోరుకునేవాళ్లు, ఒడిశా కూలీకి కూడా అదే కూలి, అదే గడువులో ఇప్పించమని కార్మిక శాఖను అడగాలి.