రోగి గుట్టు, ఊరి క్షేమం

కరోనా తొలి రోజుల్లో, 2020 మార్చిలో, హోం క్వారంటైన్‌లో ఉన్నవారి చిరునామాలను కర్ణాటక ప్రభుత్వం బయటపెట్టింది. ఆ జాబితాలు వాట్సాప్‌ గ్రూపులకెక్కాయి. మహారాష్ట్రలో చేతి మీద చెరగని సిరాతో ముద్ర వేశారు. ఢిల్లీలో ఇంటి గుమ్మానికి పోస్టరు అంటించారు. తెలంగాణలో జ్వరం, జలుబు, దగ్గు మందులు కొన్నవారి వివరాలు రాసుకోవాలని ఆ ఏప్రిల్‌లో మందుల షాపులకు ఆదేశాలందాయి. అన్నింటికీ చెప్పిన కారణం ఒక్కటే: జనక్షేమం. వీధుల్లో జరిగింది మాత్రం వేరు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లున్నారు, శవాన్ని శ్మశానానికి రానివ్వని ఊళ్లున్నాయి. రోగులకు అండగా నిలబడాల్సిన డాక్టర్లు, నర్సులకే కాలనీల్లో తలుపులు మూసుకుపోయాయి.

వ్యాధి కన్నా వెలివేతకే ఎక్కువ భయపడాల్సి వస్తే మనిషి టెస్టుకు రాడు, ఎవరెవరిని కలిశాడో చెప్పడు. దక్షిణ కొరియాకు ఇది అనుభవంలోకి వచ్చింది. 2015లో వచ్చిన మెర్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి తర్వాత మార్చుకున్న చట్టంతో ఆ దేశం కార్డు లావాదేవీలు, సీసీ కెమెరాల సాయంతో రోగి ఎక్కడెక్కడ తిరిగాడో తేల్చి పౌరుల ఫోన్లకు సందేశాలు పంపింది. పేరు లేకపోయినా వయసు, పేట, వెళ్లిన హోటలు చూసి జనం మనిషిని పోల్చేశారు. 2020 మేలో సియోల్‌లోని ఇటెవాన్ క్లబ్బుల నుంచి వైరస్ పాకినప్పుడు, స్వలింగ సంపర్కులన్న ముద్ర పడుతుందన్న భయంతో చాలామంది ముందుకు రాలేదు. చివరికి పేరు చెప్పకుండానే పరీక్ష చేయించుకునే వీలు కల్పించాల్సి వచ్చింది. గుట్టు కాపాడటం రోగికి చేసే ఉపకారమే కాదు, పొరుగువారి ప్రాణాలకూ అది రక్షే.

కాంటాక్టులను వెతికే సిబ్బందికి రోగి పేరు, ఫోన్ నంబరు కావాలి, సందేహం లేదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు కావాలి, వైద్యం చేసే డాక్టరుకు కావాలి. పక్కింటివారికి ఎందుకు? వారికి కావాల్సింది తమ వార్డులో కేసులెన్ని, ఏ ఆసుపత్రిలో పడకలున్నాయి, ఏ రోజు ఏ ఫంక్షన్ హాలులో ఉన్నవారు పరీక్ష చేయించుకోవాలి అన్నది. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పులోనే, వ్యక్తులెవరో బయటపడకుండా చూస్తూ ప్రజారోగ్యం కోసం వైద్య సమాచారాన్ని ప్రభుత్వం వాడుకోవచ్చన్న మాట ఉంది. పోస్టరు వెలసిన ఇంటివారిని అంటరానివారిలా చూస్తున్నారని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆవేదన చెందింది. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారిక ఆదేశం ఉంటే తప్ప అవి కూడదని తేల్చింది. అప్పటికే తొలి వేవ్‌ చాలా మట్టుకు సద్దుమణిగింది.

విడ్డూరమేమంటే, రోగి గుమ్మానికి బోర్డు తగిలించిన సర్కార్లే తమ లెక్కలకు పరదా కట్టాయి. బులెటిన్లలో పూర్తి వివరాలు ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2020లో పదేపదే మందలించాల్సి వచ్చింది. 2020, 2021ల్లో దేశంలో సాధారణం కన్నా అదనంగా సంభవించిన మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అధికారిక కరోనా మరణాల లెక్క 5 లక్షలకూ చేరలేదు. ఆ అంచనాను కేంద్రం తోసిపుచ్చింది. అంచనాలపై వాదన ఉండొచ్చు గానీ, దాచకూడనిది దాచి, దాచాల్సింది చాటడాన్ని భద్రత అనలేం.

సేకరించిన సమాచారం గతి ఏమవుతుందన్నది మరో చిక్కు. సింగపూర్‌లో కాంటాక్టులను వెతికే ట్రేస్‌టుగెదర్‌ యాప్‌ను కరోనా కోసమే వాడతామని మాటిచ్చారు. నేర పరిశోధనకు పోలీసులూ ఆ సమాచారం తీసుకోగలరని 2021 జనవరిలో ప్రభుత్వమే ఒప్పుకుంది. నిరసన వచ్చాక ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. మన ఆరోగ్యసేతును 2020 మే 1న ఉద్యోగులకు తప్పనిసరి చేసి, రెండు వారాలకే మెత్తబడ్డారు. దానికి విడిగా చట్టం చేయలేదు, ఒక ప్రోటోకాల్‌తో సరిపెట్టారు. టీకా వేయించుకున్నవారి వివరాలు టెలిగ్రామ్ బాట్‌లో ప్రత్యక్షమైనట్టు 2023 జూన్‌లో వార్తలొస్తే, టీకాల నమోదు పోర్టల్ కోవిన్‌ భద్రంగానే ఉందన్నది ఆరోగ్యశాఖ జవాబు.

మహమ్మారి వేళ వైద్యసేవల కోసం సమ్మతి లేకుండానే వ్యక్తిగత సమాచారం వాడుకోవడానికి 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం దారి తెరిచింది. ఆపత్కాలంలో ఆ వెసులుబాటు అవసరమే, మేమూ కాదనం. కానీ ఆపద ముగిశాక ఆ సమాచారాన్ని ఎన్నాళ్లలో చెరిపేయాలి, పోలీసులకు అందకుండా ఎలా చూడాలి, రోగి పేరు పొక్కించిన అధికారికి శిక్షేమిటి అన్నవి అంటువ్యాధుల చట్టంలో ఉండాలి. ఆ చట్టమేమో 1897లో, బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లదొరలు రాసింది. దాన్ని సవరించాలని, లేదా కొత్తది తేవాలని లా కమిషన్ 2024లో తన 286వ నివేదికలో సూచించింది. కొత్త చట్టం రాసేటప్పుడు రోగి గోప్యతకు ఒక అధ్యాయం కేటాయించాలి. వార్డులవారీ కేసులు, మరణాల లెక్కలను రోజూ ప్రకటించడం ప్రభుత్వాల విధి అని అందులోనే రాయాలి.